తపస్సు డబ్బాలో మూడో చీటీ

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ లోపల ఇది రాసి ముగించాలని కూర్చున్నాను. మా వాషర్‌మెన్‌పేట్ కథోలిక గుడికి వచ్చే తెలుగు కుటుంబాల్లో కనీసం పది ఇళ్లలో ఆ సాయంత్రం చీటీలు రాసి డబ్బాలో వేస్తారు. ఆ అలవాటు వాళ్లకు నేర్పింది నేనే. కాబట్టి దాని గురించి చెప్పవలసిన మాట కూడా నేనే చెప్పాలి. రెండు ఆదివారాలు పూజ అయ్యాక గుడి ముందు నిలబడి చెప్పబోయాను. మాట మొదలుపెట్టకుండానే ఇంటికొచ్చేశాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నా పేరు రాయప్ప. పురసవాక్కంలో ఒక బట్టల కొట్టులో లిఫ్టు నడుపుతాను. బడిలో చదివింది ఎనిమిదో తరగతి. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ తమిళ ఊళ్లో నిలిచిపోయిన కథోలిక కుటుంబం మాది. లిఫ్టులో స్టూలు మీద కూర్చుని, జనం ఎక్కి దిగే మధ్యలో, ఒళ్లో నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. సెలవు దొరికిన రోజున రెండు బస్సులు మారి మైలాపూరులో కన్యస్త్రీలు చూసుకునే ఒక చిన్న గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. ప్రార్థన గురించి, పునీతుల గురించి, తొలి తిరుసభ గురించి అక్కడున్న పుస్తకాలు దాదాపు అన్నీ చదివాను. తొలి విశ్వాసులు ఇళ్లలో తలుపులు మూసుకుని రొట్టె విరిచిన తీరు, ఐగుప్తు ఎడారిలో సన్యాసులు ఏం తిని బతికారో, ఏ వేళకు లేచి జపం చేసేవారో, అడిగితే చెప్పగలను. మా ఫాదర్ కూడా ప్రసంగానికి ముందు ఒకటి రెండుసార్లు నన్ను పిలిచి అడిగారు. దీన్ని గొప్పకు చెప్పడం లేదంటే అబద్ధమవుతుంది. గొప్పగానే ఉండేది.

ఆ గ్రంథాలయం చూసే ముసలి సిస్టర్ మలయాళీ ఆవిడ. నా చేతిలోని పుస్తకాలు చూసి ఒకసారి తమిళంలో అన్నారు, "మీరు ఎప్పుడూ కఠినమైన పునీతుల్నే ఇంటికి తీసుకెళ్తారు రాయప్పా. మెత్తనివాళ్లు కూడా ఉన్నారు ఈ బీరువాలో." నవ్వి ఊరుకున్నాను. మెత్తని పునీతులు నాలాంటి చదువరికి కాదని అప్పట్లో నా నమ్మకం.

చీటీల సంగతి ఇది. త్యాగం ఎవరికీ తెలియకుండా చేస్తేనే దేవుడికి చేరుతుందని చదివి, మా ఇంట్లో ఒక రేకు బిస్కెట్ల డబ్బా పెట్టాను. తపస్సు కాలం మొదటి రోజున ముగ్గురం తలా ఒక చీటీ రాయాలి. నేను, నా భార్య లూర్దమ్మ, పెళ్లయి పురసవాక్కంలో కాపురముంటున్న మా అమ్మాయి స్టెల్లా. ఈ నలభై రోజులు ఏది వదులుకుంటున్నామో, లేక ఏది ఓర్చుకుంటున్నామో ఒక వరుస. ఎవరి కోసమో ఇంకో వరుస. పేరు రాయకూడదు, ఒకరికొకరు చెప్పకూడదు. పాస్కా, అంటే ఈస్టర్ పండుగనాడు భోజనాలయ్యాక డబ్బా తెరిచి చదవాలి. ఒక ఏడు స్టెల్లా చీటీలో, "నాయన చెప్పే కథలు విసుక్కోకుండా వింటా" అని ఉంది. ఆ రోజు లూర్దమ్మ నవ్విన నవ్వుకు పొలమారింది.

పోయిన ఏడాది మొదట్లో, క్రిస్మసు దాటిన కొన్నాళ్లకు నా కళ్లకు ఇబ్బంది మొదలైంది. అక్షరాలు అంచుల దగ్గర కరిగిపోతున్నట్టుండేవి. కంట్లో ఒత్తిడి పెరిగిందని డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. చూపు నిలుస్తుందో లేదో కొన్ని నెలలు చూడాలన్నాడు. చుక్కలు వేసేది లూర్దమ్మే. నా తల ఆమె ఒళ్లో పెట్టుకుని వేసేది. "చదువు లేకుండా నేనెవర్ని లూర్దూ," అని ఆమెతో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఆమె కడుపులో నొప్పి మొదలైంది కూడా ఆ రోజుల్లోనేనని తరవాత తెలిసింది.

ఆ ఏడు విభూది బుధవారం సాయంత్రం నుదుట విభూదితో ముగ్గురం ఇంట్లో కూర్చున్నాం. చీటీలు రాసే ముందు ఒక పునీత చరిత్ర చదవడం నా పద్ధతి. ఆ రోజు ఒక మఠవాసిని కథ చదివాను. ఆమె పేరు ఇక్కడ రాయను, తప్పు ఆమెది కాదు. ఒంట్లో పెద్ద జబ్బు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుందని, చనిపోయాకే మఠంలో తెలిసిందని ఆ కథ. ఆ భాగం గొంతు తగ్గించి, నిదానంగా చదివాను. అలా చదవడం నాకు బాగా వచ్చు.

లూర్దమ్మ అడిగింది, "అంత నొప్పి ఉండిందని ఆడ ఎవురికీ తెలవనే లేదా?"

"తెలవలా. దేవుడికి తప్ప."

"వంట ఆయమ్మే చేసేదా?"

"పుస్తకంలో వంట సంగతి లేదులే."

"ఎందుకుంటాది. రాసినాయన వండుంటే గదా."

స్టెల్లా నవ్వింది, నేనూ నవ్వాను. తరవాత లూర్దమ్మ బడిపిల్లలా ఎడమచేయి అడ్డం పెట్టుకుని చీటీ రాసింది. నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసింది. మూత నేనే బిగించాను.

ఆ నలభై రోజుల్లో నేను చూసినవి రాస్తాను. లూర్దమ్మ అన్నం సగం తీసి గిన్నెలో మూతపెట్టేది. కొన్ని పూటలు మజ్జిగ మాత్రం తాగి లేచేది. జపమాల చెప్పేటప్పుడు అయిదు పదుల పూసలూ అయ్యేదాకా మోకాళ్ల మీద ఉండే మనిషి, రెండో పదికే గోడకు ఆనుకునేది. ఒక చేతిలో పూసలు, ఇంకో చేయి కడుపు మీద. ఒకరోజు అడిగాను. గ్యాసు అంది. ఇన్ని చూసి నేను అనుకున్నది ఒక్కటే, ఈసారి లూర్దమ్మ గట్టి ఉపవాసం పట్టింది అని. చీటీలో అదే రాసి ఉంటుందని మనసులో సంతోషపడ్డాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒక శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక గుడి ముందు పదిమందిలో అన్నాను, "ఎడారి సన్యాసుల్ని చూడాలంటే ఐగుప్తుదాకా ఎందుకు, మా ఇంటికి రండి. లూర్దమ్మ చిక్కిపోయింది చూశారా, అదీ తపస్సంటే." ఆడవాళ్లు ఆమెను మెచ్చుకున్నారు. ఆమె తల దించుకుంది. సిగ్గు అనుకున్నాం అందరమూ.

పాస్కాకు వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం ఊరేగింపులో, చేతిలో తాటాకు పట్టుకుని నడుస్తున్న లూర్దమ్మ నడిరోడ్డు మీద కూర్చుండిపోయింది. "లేస్తా, ఉండండి, లేస్తా," అంది. లేవలేకపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం.

ఎన్ని రోజుల నుంచి నొప్పి అని డాక్టరమ్మ అడిగితే, లూర్దమ్మ "ఈ వారమేనమ్మా" అంది. డాక్టరమ్మ ఆమె కడుపు నొక్కి చూసి, ఆమె ముఖం చూసి, తరవాత నా ముఖం చూశారు. ఆ చూపుకు అప్పుడు నాకు అర్థం తెలియలేదు. పరీక్షలన్నీ అయ్యాక స్టెల్లాను పక్కకు పిలిచి తమిళంలో మాట్లాడారు. నేను రెండడుగుల దూరంలో బెంచీ మీద కూర్చున్నాను. "మున్నాడియే" అన్న మాట మూడుసార్లు వినబడింది. ముందే. ముందే వచ్చుంటే.

స్టెల్లా వచ్చి నా పక్కన కూర్చుంది. 

"అమ్మ ఎప్పుట్నించి సరిగ్గా తినటంలా నాయనా?"

"తపస్సు కాలం గదమ్మా. ఉపవాసం అనుకున్నా."

"నలభై రోజులు తినకుంటే అడగలేదా నువ్వు?"

"అడగటం ఎందుకు, చీటీ రహస్యం గదా అని..."

"గుడి కాడ పొగిడినావంట గదా. ఆడుండి విన్న రోజమ్మత్త చెప్పింది." అని లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. ఆ రోజు మొదలు స్టెల్లా నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. టోకెను నంబరు, మాత్రల వేళ, ఎవరు ఎప్పుడు ఇంటికి వెళ్లాలి.

పవిత్ర గురువారం, శుక్రవారం ఆస్పత్రిలోనే గడిచాయి. పాస్కా కూడా. డబ్బా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పండుగ వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం, లూర్దమ్మకు తువ్వాలు, నైటీ తీసుకెళ్దామని ఇంటికొచ్చాను. బీరువా మీద డబ్బా కనబడింది. నిలబడే మూత తీశాను. ఒకటి నాది, కొత్త పుస్తకం తీసుకోను అని రాసింది. రెండోది స్టెల్లాది, మధ్యాహ్నం కాఫీ మానేస్తా అని. మూడో చీటీ మడతలు విప్పితే లూర్దమ్మ గుండ్రటి అక్షరాలు.

"కడుపులో నొప్పి. పాస్కా దాకా ఎవురికీ చెప్పను. స్టెల్లా నాయన కండ్లు బాగుండాలని. చదవకుండా ఆయన ఉండలేడు."

ఆ చీటీని ఎంతసేపు చూశానో తెలియదు. అక్షరాలు ఎక్కడా కరగలేదు, అంచుల దగ్గర కూడా. మందు పని చేస్తోందని అప్పుడు తెలిసింది. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. తువ్వాలు మరిచిపోయి ఆస్పత్రికి వెళ్లాను.

వేసవి అంతా ఆ ఆస్పత్రి హాల్లోనే. సెలైన్ సీసాతో ఎక్కించే మందు రోజున పొద్దున్నే వెళ్లి కూర్చుంటే సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం. ఆ మందు పేర్లూ లెక్కలూ రాయను. ఆమె ఒంట్లో ఏం జరిగిందో నాకు తెలిసింది ఇంతే: జుట్టు పోయింది, నోరు పూసింది, ఉప్పు తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి. నాకు గుర్తున్నవి మనుషులు. భర్తను తీసుకుని నెల్లూరు దగ్గరి నుంచి వచ్చే ఒకావిడ, మాకంటే ముందు వస్తే మా కోసం బెంచీ మీద నీళ్ల సీసా పెట్టి చోటు ఆపేది. ఒక నర్సు లూర్దమ్మ నరం దొరకక రెండుసార్లు గుచ్చి, "మన్నిచ్చుకోంగమ్మా" అని తమిళంలో క్షమాపణ అడిగి, ఆమె చేతిని తన రెండు చేతుల్లో కాసేపు పట్టుకుంది. ఇంగ్లీషు కాగితాలు చదివి పెట్టమని జనం నా దగ్గరికి వచ్చేవాళ్లు. చదివి చెప్పేవాణ్ణి. అందరి కాగితాలూ చదివే పెద్దాయన అని నాకు పేరు.

లూర్దమ్మకు మాత్రం చదవడం మానేశాను. పుస్తకం తెరిస్తే ఆ బుధవారం నా గొంతు నాకే వినబడేది. కొన్నాళ్లు ఆమె గమనించనట్టే ఉంది. ఒకరోజు మంచం మీద నుంచి అడిగింది.

"ఏంది, ఈ మధ్య పుస్తకం తియ్యటంలా?"

"టైము ఏడుంది లూర్దూ."

"కండ్లకేమన్నా ఐందా?"

"ఏం కాలా. బాగుండాయి."

"నిజంగా చెప్పు. అక్షరాలు తెలస్తుండాయా?"

ఆ అడగడంలో భయం ఉంది. తన జబ్బు గురించి డాక్టరమ్మను అడిగేటప్పుడు కూడా ఆమె గొంతులో అంత భయం నేను వినలేదు. పక్కనున్న మందు చీటీ తీసి, దాని మీది సన్న అక్షరాలు చదివి వినిపించాను. ఆమె కళ్లు మూసుకుంది. ముఖం నెమ్మదించింది. డబ్బాలోని చీటీ చదివానని అప్పుడే చెప్పాల్సింది. మందు చీటీ మడిచి పక్కన పెట్టేశాను.

ఆ బుధవారం చదివిన గ్రంథాలయం పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. ఆగస్టు మొదట్లో దాన్ని తిరిగి ఇవ్వడానికి మైలాపూరు వెళ్లాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆ ముసలి సిస్టర్‌కు అంతా చెప్పేశాను. ఆవిడ లేచారు. బీరువాలో నుంచి ఎడారి సన్యాసుల పుస్తకం ఒకటి తీశారు. నేను నాలుగుసార్లు ఇంటికి తీసుకెళ్లినదే. కఠిన ఉపవాసాల అధ్యాయం నిండా నా పాత బస్సు టికెట్లు గుర్తులుగా ఉన్నాయి. ఆవిడ ఆ తరవాతి అధ్యాయం తెరిచి నా ముందు పెట్టారు. అక్కడ ఒక్క టికెట్టూ లేదు. ఆ అధ్యాయంలో ఉన్నది ఇంతే: ఉపవాసంలో ఉన్న సన్యాసి గుడిసెకు ఎవరైనా వస్తే, ఆ మనిషి కోసం తన ఉపవాసం విడిచి కలిసి తినేవాడట. జబ్బు పడిన సోదరుడికి సేవ చేయడం ఎన్ని ఉపవాసాలకన్నా పెద్దదని వాళ్లు అనుకునేవారట. నేను ఈ అధ్యాయం చదవలేదని కాదు. చదివాను. ఇది తేలిక అని దాటేశాను. ఇంట్లో ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు.

ఆ నెల మధ్యలో, మరియ మాత మోక్షారోపణ పండుగనాడు ఫాదర్ దివ్యసత్ప్రసాదం తెచ్చి ఇంట్లోనే ఇచ్చి వెళ్లారు. ఆ తరవాత కొంచెం పాలు తాగింది లూర్దమ్మ. స్టెల్లా వంటింట్లో ఉంది. నేను జేబులోంచి చీటీ తీసి మంచం మీద పెట్టాను.

ఆమె దాన్ని చూసింది. "నేను లేకుండా డబ్బా తెరిచినావే. అది రూలు కాదు."

"ఎందుకు చెప్పలేదు లూర్దూ?"

"రాసినా గదా."

"నాతో ఎందుకు చెప్పలేదంటుండా."

ఫ్యాను వైపు చూస్తూ చెప్పింది. "ఆ కథ చదివేటప్పుడు నీ ముఖం ఎట్ట ఉండిందో నీకు తెలవదు స్టెల్లా నాయనా. అట్టాంటి మనిషంటే నీకు ఎంత ఇష్టమో తెలస్తా ఉండింది. నేనేమో ఎనిమిదీ చదవలా, అయిదూ చదవలా. ఇదొకటి చేయగలననుకున్నా."

అప్పుడు సిస్టర్ చూపించిన అధ్యాయం గురించి చెప్పాను. అతిథి కోసం ఉపవాసం విడిచిన సన్యాసుల గురించి, జబ్బు మనిషికి చేసే సేవ గురించి. తలవంచుకుని చెప్పాను. పుస్తకం లేకుండా, గొంతు సర్దుకోకుండా చెప్పాను. ఆమె అంతా వింది.

"అది ముందు చదివుండకూడదా," అంది.

నిష్ఠూరంగా అనలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే అంది. తరవాత చేయి చాపి, "చుక్కలు ఏసుకున్నావా ఈ పొద్దు?" అని అడిగింది. లేదన్నాను. తల ఇటు పెట్టమంది. రెండు చుక్కలు చెంప మీద పడ్డాయి, ఒకటి కంట్లో పడింది.

అక్టోబరులో, జపమాల మాసంలో, ఒక పొద్దున స్టెల్లా మంగళవార్త జపం చెబుతూండగా లూర్దమ్మ వెళ్లిపోయింది. అప్పటికి కొన్నాళ్లుగా, నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె గట్టిగానే చెప్పేది. ఈడ, ఇంకొంచెం కింద, ఈడ, అని చేత్తో చూపించేది. మేము వీపు రాసేవాళ్లం, మందు ఇచ్చేవాళ్లం. ఆ రెండు నెలలు ఆమె ఏదీ దాచలేదు. నాకు మిగిలినది అదే.

అంతకు ముందే డాక్టరమ్మను సూటిగా అడిగాను. ఆ బుధవారమే తీసుకొచ్చుంటే నయమయ్యేదా అని. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, "అది నేను చెప్పలేను. మీరు కోరుకునే జవాబు ఎటువైపుదైనా, అది నా దగ్గర లేదు. నొప్పి మాత్రం తక్కువ పడి ఉండేది. ఒంటరిగా పడకుండా ఉండేది," అన్నారు.

ఆత్మల పండుగనాడు సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చాక స్టెల్లాకు చీటీ ఇచ్చాను. చదివింది. చదివి మళ్లీ నాలుగు మడతలూ అట్లాగే పెట్టింది.

"ఇది నీ కాడ ఎన్ని నెలల్నించి ఉండాది?"

"పాస్కా అయినప్పటినించి."

"నువ్వు కూడా దాచినావు," అంది.

చీటీ తన పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది. నెలకు పైగా రాలేదు, ఫోను చేయలేదు. నేను చేస్తే అల్లుడు తీసి, "కొంచెం టైమివ్వండి మామా," అన్నాడు.

డిసెంబరులో కంటి డాక్టరు ఒత్తిడి తగ్గిందనీ, చూపు నిలిచిందనీ చెప్పాడు. సంతోషపడతానని నా ముఖంలోకి చూశాడు. నేను బయటికొచ్చి బస్టాపులో కూర్చుని, వచ్చిన బస్సులన్నీ వదిలేశాను. దేవుడు అలాంటి బేరం ఒప్పుకున్నాడని నేను నమ్మను. మందు పని చేసింది, అంతే. ఆమె కడుపునొప్పికీ నా కంటి చుక్కలకూ సంబంధం లేదు. కానీ లూర్దమ్మ నమ్మింది. మరియ మాత పండుగనాడు కూడా నమ్ముతూనే ఉంది. ప్రార్థన గురించి ఇన్ని పుస్తకాలు చదివిన నాకు, ఆ నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ కనబడలేదు. వెతుకుతున్నాను. ఆమె అడిగిన కళ్లతోనే వెతుకుతున్నాను.

చీటీలు రాసే ఇళ్లవాళ్లకు చెప్పేది ఇది. మీ డబ్బా మూత బిగించకండి. కాఫీ మానేస్తే రాసుకోండి, సీరియలు మానేస్తే రాసుకోండి. ఒంట్లో నొప్పిని మాత్రం ఎవరూ ఆ చీటీలో పెట్టకూడదు. ఇంట్లో ఎవరైనా తినడం తగ్గిస్తే అది తపస్సు అనుకోకండి, పక్కన కూర్చుని ఎందుకని అడగండి. ఒక్కసారి అడిగి గ్యాసు అంటే సరిపెట్టుకోకండి. ఈ ఏడు మా ఇంటి డబ్బాను నేను వంటింట్లో పెట్టాను, అందులో చింతపండు ఉంది.

క్రిస్మసుకు రెండు రోజుల ముందు స్టెల్లా ఫోను చేసింది. పండుగ మాట ఎత్తలేదు.

"నాయనా, ఈ పొద్దు నీకు ఏడ నొప్పి?"

"నాకేం నొప్పమ్మా. బాగుండా."

ఫోను పెట్టేసింది. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. మోకాలు పట్టేసిందని చెప్పాను. సరే అని, నూనె రాసుకోమంది. అప్పటినుంచి రోజూ పొద్దున నేను లిఫ్టు దగ్గరికి బయలుదేరే ముందు అడుగుతుంది. వీపు అనో, పన్ను అనో చెబుతాను. ఉన్నదే చెబుతాను.

ఈ పొద్దున కూడా అడిగింది. ఇది రాస్తున్నానని చెప్పాను. మోకాలు కాదమ్మా అన్నాను. మరి ఏడ అంది. ఆ బుధవారం డబ్బా మూత నేనే బిగించిన దగ్గరి నుంచి మొదలుపెట్టి చెప్పాను. స్టెల్లా ఫోను పెట్టేయలేదు.